గొడవ కాదు, దెబ్బ

నేను రాసిన ఒక ఇంగ్లీషు మాట వల్ల మా పక్క పోర్షన్‌లో ఉండే అక్క ఉద్యోగం ఊడినంత పనైంది. ఆ మాటను మళ్లీ సరిదిద్దిందీ నేనే, కాకపోతే ఆమె చెబితే. ఇరవై ఏళ్లుగా హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్న నేను, ఆరో తరగతితో బడి మానేసిన మనిషి దగ్గర దిద్దించుకున్నానని చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

మాది మనుబోలు. బదిలీ మీద ఇందుకూరుపేట మండలానికి వచ్చి, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల ఇవతల రెండు పోర్షన్ల ఇంట్లో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాను. కాలేజీ రోజుల నుంచీ నాకొక అలవాటు ఉండేది. మంచి ఇంగ్లీషు మాట ఎక్కడ కనబడ్డా నోటుపుస్తకంలో ఎక్కించుకునేదాన్ని. పోట్లాటల పేజీ అంటే మరీ ముచ్చట. బ్రాల్, స్కఫుల్, ఫ్రాకస్, ఆల్టర్కేషన్, ఇలా రెండు పేజీలు నిండాయి. తొమ్మిదో తరగతిలో ఆ మాటలు చెప్పే రోజు చివరి బెంచీ కూడా నిద్రపోయేది కాదు. గుద్దడం, బాదడం, చరచడం, కుళ్లబొడవడం అని పిల్లలు తెలుగులో ఒక్కోటీ అందిస్తుంటే నేను టక్కున ఇంగ్లీషు చెప్పేదాన్ని. నా దగ్గర లేని మాట లేదనే ధీమా.

అక్క నాకంటే పదేళ్లు పెద్ద. పుట్టిల్లు సంగం దగ్గర, వరి పండించే కుటుంబం. పెళ్లయి ఇటు వచ్చాక కొన్నాళ్లు ఇంటి పట్టునే ఉండి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక రొయ్యల కంపెనీలో చేరింది. తెల్లవారుతూనే కంపెనీ బస్సు వచ్చేది. తలకు టోపీ, కాళ్లకు రబ్బరు బూట్లు వేసుకుని, ఐసు నీళ్లలో వేసిన రొయ్యల తలలు తుంచి పొట్టు తీయడం ఆమె పని. ఆమె భర్త రాత్రిపూట రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాడు, పగలు నిద్రపోయేవాడు.

ఆ రోజు నేను స్కూలు నుంచి వచ్చేసరికి అక్క వరండా మెట్ల మీద కూర్చుని ఉంది. కంపెనీ బస్సు తిరిగి వచ్చే వేళ ఇంకా కాలేదు. ఎడమ చేతికి తువ్వాలు చుట్టి ఉంది.

"ఏమైంది అక్కా?"

"దెబ్బ తగిలింది."

"ఎట్లా తగిలింది?"

ఆమె ఒకసారి లోపలికి చూసింది. ఆమెకు తలుపు తీసి మళ్లీ పడుకున్న భర్త ఇంకా లేవలేదు. అప్పుడు గొంతు తగ్గించి చెప్పింది. "తగల్లేదు టీచరమ్మా. కొట్టినాడు. కొత్తగా వచ్చినాడే సూపర్‌వైజరు, వాడు."

జరిగింది ఇంతే. ఆమె చేతి తొడుగు చినిగి, రొయ్య కొమ్ములు వేళ్లకు గుచ్చుకుంటున్నాయి. వేరే తొడుగు ఇప్పించమని అడిగింది. ముందు ట్రే నింపు అన్నాడతను. చేతులు మండుతున్నాయి సార్, తొడుగు ఇస్తే నింపుతాను అని ఈమె ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి నిలబడింది. అతను పక్కనున్న స్టీలు ట్రే ఎత్తి ఆ చేతి మీద కొట్టాడు. బల్ల చుట్టూ ఉన్న ముగ్గురు ఆడవాళ్లు చూశారు. మళ్లీ తలలు దించుకుని పొట్టు తీశారు. కంపెనీ నర్సు మందు పూసి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఆటో ఎక్కించి పంపింది.

అక్క తెలివైన మనిషి. సంతకం పెట్టే ముందు ఆ కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసుకుంది. "ఇందులో ఏం రాసినారో చదివి చెప్పు" అని ఫోను నా చేతికిచ్చింది.

ఇంగ్లీషులో ఒకటే వాక్యం ఉంది. ట్రే పట్టుకునేటప్పుడు ప్రమాదవశాత్తూ ఎడమ చేతికి గాయం అయినది. చదివి తెలుగులో చెప్పాను.

"ఎవరు కొట్టినారనేది లేదా?"

"లేదక్కా. నీ అంతట నీకే అయినట్టు రాశారు."

ఆమె ఫోను తిరిగి తీసుకుంది. తర్వాత, "నేనూ మా ఇంటాయనకి అట్టనే చెప్పినా, దెబ్బ తగిలిందని. ఆయనకి కోపం ఎక్కువ, పోయి మీద పడతాడేమోనని. నేను భయపడి అన్న మాట, వాళ్లు కావాలని రాసినారు" అంది.

ఆ కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసే మేనేజరు ఉత్తరాది మనిషి. తెలుగు రాదు. ఫిర్యాదు ఏదైనా ఇంగ్లీషులో మెయిల్ చేయాలి. నేను రాస్తానన్నాను. ఆ రాత్రి వంట కూడా పక్కన పెట్టి రెండు గంటలు కూర్చున్నాను. నా నోటుపుస్తకం బయటికి తీశాను. ఉన్నతోద్యోగులు చదివే ఉత్తరం కదా, మొరటుగా ఉండకూడదనుకున్నాను. కొట్టాడు అనే మాట బడిపిల్లలు చాడీ చెప్పినట్టు అనిపించింది. అందుకని, ఫలానా రోజున పని స్థలంలో ఒక ఆల్టర్కేషన్ జరిగినదనీ, ఆ క్రమంలో ఈమె చేతికి దెబ్బ తగిలినదనీ, తగిన చర్య తీసుకోవలసినదనీ రాశాను. చదువుకుంటే ఎంతో హుందాగా అనిపించింది.

పంపే ముందు అక్కకు తెలుగులో చెప్పాను. "గొడవ జరిగింది, ఆ గొడవలో దెబ్బ తగిలింది అని రాశాను."

"గొడవేంది టీచరమ్మా? నేను గొడవ పడలా."

"ఇంగ్లీషులో ఇట్లాగే రాస్తారక్కా. మర్యాదగా ఉంటుంది."

"సరే, నీకు తెలుసు కదా" అంది. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

మూడు రోజులైనా వాపు తగ్గలేదు. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఎక్స్‌రే తీస్తే ఉంగరం వేలి ఎముక చిట్లిందని తేలింది. చీటీ రాసిన డాక్టరు కుర్రవాడు. దెబ్బ ఎలా తగిలిందని ఆమెనే అడిగి తెలుసుకుని రాశాడు. చీటీలో అసాల్ట్, అంటే దాడి, అనే మాటకు ముందు అలెజ్డ్ అని ఉండటం చూసి నాకు ఒళ్లు మండింది.

"ఆమె అబద్ధం చెబుతోందని మీ అనుమానమా?" అని అడిగాను.

"కాదు మేడం. నేను అక్కడ లేను కాబట్టి, ఆమె చెప్పిన ప్రకారం అని అర్థం వచ్చేలా రాశాను. నేను చూసింది కింద విడిగా రాశాను, చూడండి."

చూశాను. దెబ్బ వేళ్ల పైభాగాన, కణుపుల మీద ఉందని రాశాడు. వేళ్ల కొసలకు గాయం లేదని కూడా రాశాడు. తను చూసిందేదో, విన్నదేదో అతను వేరుచేసిన పద్ధతి చూశాక నా కోపం దిగిపోయింది. దారిలో అలెజ్డ్ అంటే ఏమిటని అక్క అడిగితే, ఆమె చెప్పింది, నేను చూడలేదు అన్నట్టు అని చెప్పాను. "నిజమే కదా, ఆ అబ్బయ్య చూడలేదు కదా" అంది ఆమె.

వారం తిరక్కుండా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. సాయంత్రం అక్క దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మొదటి రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయాను. తమ ఫిర్యాదులోనే పేర్కొన్న ప్రకారం ఇరువురి మధ్య ఆల్టర్కేషన్ జరిగినందున ఇరువురినీ హెచ్చరిస్తున్నామనీ, విచారణ ముగిసేవరకు ఆమె పనికి రావద్దనీ ఉంది. సూపర్‌వైజరు మాత్రం పనిలోనే ఉన్నాడు.

నిఘంటువు తెరిచాను. ఇద్దరు లేక అంతకు మించిన మనుషులు బిగ్గరగా వాదులాడుకోవడం అని ఉంది. నాకు తెలియని అర్థమేమీ కాదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నదే. ఆ మాటలో ఇద్దరు మనుషులు ఉంటారని తెలిసి కూడా, చెయ్యి ఎత్తింది ఒక్కడైన చోట దాన్ని వాడాను. మాట బాగుందని వాడాను.

దాచలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. "అక్కా, ఈ మాట వాళ్లు పుట్టించింది కాదు. నేను రాసింది. దీన్ని పట్టుకునే వాళ్లు నిన్నూ వాణ్ణీ ఒకే గాటన కట్టారు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "నువ్వు తెలిసి రాసినావా?"

"లేదు."

"అయితే మళ్లీ రాయి. ఈసారి మర్యాద సంగతి నేను చూసుకుంటాను, నువ్వు నేను చెప్పింది రాయి."

ఆ పూట నేను టీచరునన్న సంగతి పక్కన పెట్టాను. ఆమె ఒక్కో వాక్యం చెప్పింది, నేను రాశాను. నేను ఏ మాట వాడినా దానికి తెలుగు అడిగింది.

"కొట్టినాడు అనేదానికి ఏమంటారు?"

"హిట్ అంటారు."

"పెద్ద మాటేనా?"

"చాలా చిన్న మాటక్కా. ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు."

"అదే పెట్టు. ఎవరు చదివినా తెలియాల. ముందు వాడి పేరు పెట్టు, ఆ పక్కన అది పెట్టు, ఆ పక్కన నా చెయ్యి పెట్టు."

కర్త, క్రియ, కర్మ. ఆమె అడిగింది అదే వరస. చేతి తొడుగు అడిగాను, ఇతను ట్రే ఎత్తాడు, ట్రేతో నా ఎడమ చేతిని కొట్టాడు, నా వేలి ఎముక చిట్లింది. నాలుగే వాక్యాలు. ముందు ఉత్తరంలోని ఆల్టర్కేషన్ అనే మాట రాసిన మనిషి తప్పనీ, ఆమె చెప్పింది కాదనీ ఐదో వాక్యం నేను చేర్చి, కింద నా సంతకం పెట్టాను. ఎక్స్‌రే, డాక్టరు చీటీ జతచేశాను. వారంలోగా విచారణ పెట్టకపోతే ఇవే కాగితాలతో పోలీసు స్టేషనుకు వెళతానని అక్క చివర్న రాయించింది. భర్తకు కూడా అప్పుడే నిజం చెప్పింది. ఆయన లేచి చొక్కా వేసుకుంటే, "కూర్చో. నువ్వు పోయి ఒక దెబ్బ కొట్టినావంటే అది నిజంగానే గొడవైపోద్ది. వాళ్లకి కావాల్సింది అదే" అంది. ఆయన కూర్చున్నాడు.

విచారణకు పిలుపు వచ్చింది. భాష తెలిసినవాళ్లను ఒకరిని వెంట తెచ్చుకోవచ్చన్నారు. నేను సెలవు పెట్టి వెళ్లాను. చల్లటి ఏసీ గదిలో పొడుగు బల్ల. మేనేజరుతో పాటు చెన్నై ఆఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆమెకు ఇంగ్లీషు, తమిళమే వచ్చు, తెలుగు రాదు. సూపర్‌వైజరు ఎదురుగా కూర్చున్నాడు. అతనికి ఇంగ్లీషు బాగానే వచ్చు. ట్రేను ముందుకు జరిపాననీ, తడి బల్ల కాబట్టి అది జారి ఆమె చేతికి తగిలిందనీ చెప్పాడు. ఆమె తనను ప్రొవోక్ చేసిందని కూడా అన్నాడు.

"ప్రొవోక్ అంటే?" అంది అక్క నా వైపు తిరిగి.

"రెచ్చగొట్టావంటున్నాడు."

"చెప్పు టీచరమ్మా, చేతి తొడుగు చినిగింది, వేరేది ఇప్పించండి సార్ అని అడిగినా. సార్ అనే అన్నా. అది రెచ్చగొట్టడమైతే రెచ్చగొట్టినట్టే."

ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. సార్ అనే మాటతో సహా.

అప్పుడు అక్క ఒక ట్రే తెప్పించమంది. షెడ్డు నుంచి తెచ్చారు. ఆమె కట్టు కట్టిన చేతిని పక్కన పెట్టుకుని, కుడి చేతిని బల్ల మీద పరిచింది. "నా చెయ్యి ఇట్టా ఉండాది. ట్రే జారితే బల్ల మీదనే కదా వస్తుంది. వచ్చి ఏడ తగలాల?" మేనేజరు చేతనే ట్రేను మెల్లగా తోయించింది. అది జారుకుంటూ వచ్చి ఆమె వేళ్ల కొసలకు ఆనుకుని ఆగింది. "చూడండి, ఈడ తగిలింది. నాకు దెబ్బ ఉండేది పైన, కణుపుల మీద. జారే ట్రే ఎగిరి పైకెక్కి పడుతుందా?"

చెన్నై ఆవిడ డాక్టరు చీటీ తీసి, ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. సూపర్‌వైజరు నీళ్లు తాగాడు.

చూసిన ముగ్గురిలో ఇద్దరు ముందే రాలేమన్నారు. వాళ్లను అక్క ఒక్క మాట అనలేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా అంది. మూడో ఆమె వచ్చింది. షెడ్డులో అందరికంటే వయసులో పెద్దది, మైపాడు దగ్గర చేపలు పట్టే పల్లెకారుల మనిషి. గుమ్మం దగ్గరే నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది.

"మొత్తినాడు. ఎత్తి మొత్తినాడు. నేను చూసినా."

గదిలో అందరూ నా వైపు చూశారు. హిట్ అంటే చాలదు. బీట్ అంటే పదే పదే కొట్టినట్టవుతుంది. నా నోటుపుస్తకంలోని రెండు పేజీలూ మనసులో తిరిగాయి, ఒక్కటీ సరిపోలేదు. ఎదురుగా ఆ పెద్దామె చెయ్యి గాలిలో పైకి లేచి ఉంది. నేను మాట వెతకడం మానేసి, ఆ చెయ్యి చూపించేదే చెప్పాను. అతను ట్రేను పైకెత్తాడు, ఆమె చేతి మీదికి బలంగా దించాడు. ఇంగ్లీషులో అన్నీ చిన్న చిన్న మాటలే. చెన్నై ఆవిడ వాటిని అలాగే రాసుకుంది.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. సూపర్‌వైజరును పనిలోంచి తీసేశారు. అక్క మీది హెచ్చరిక రద్దయింది. ఇంటి దగ్గర కూర్చోబెట్టిన రోజులన్నీ పని చేసిన రోజులుగానే రాశారు. దాంతో అయిపోయిందనుకున్నాను నేను. అక్క ఊరుకోలేదు.

"ఆ నర్సు రాసిన కాగితం అట్టనే ఉండాదా?"

"ఏ కాగితం?"

"నా అంతట నాకే దెబ్బ తగిలిందన్న కాగితం. దానికింద నా సంతకం ఉండాది టీచరమ్మా."

ఇంకో ఉత్తరం రాశాం. ఆ కాగితం మీద యాక్సిడెంట్ అన్న చోట కొట్టేసి, అసాల్ట్ అని రాసి, మేనేజరు సంతకం పెట్టి నకలు పంపాడు. అది చూశాకే ఆమె స్టేషను మాట విరమించుకుంది. వెళ్లి ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అది ఆమె చెయ్యి, ఆమె నిర్ణయం. రెండు నెలల తర్వాత మళ్లీ అదే షెడ్డులో పనికి వెళ్లింది. ఉంగరం వేలు పూర్తిగా ముడుచుకోదు. అయినా మధ్యాహ్నానికి అందరికంటే ముందు ట్రే నింపేది ఆమేనట.

బడిలో ఇప్పుడూ పోట్లాటల మాటలు చెబుతాను. మానలేదు. అయితే ఒక్కో మాటకూ అర్థం చెప్పాక, ఇందులో ఎంతమంది ఉన్నారు, ఎవరు మొదలుపెట్టారు, ఎవరికి తగిలింది అని అడుగుతాను. క్లాష్ అంటే ఇద్దరు టీచర్, అటాక్ అంటే ఒకడు అని పిల్లలు ఇట్టే పట్టేస్తారు. వార్తల్లో దాడి జరిగినచోట ఘర్షణ అని రాస్తే, కత్తిరించి తెచ్చి నా బల్ల మీద పెడతారు.

షెడ్డు ఆడవాళ్లు కొందరు ఆదివారాలు మా వరండాలోకి రావడం మొదలుపెట్టారు. ముందు ఆ పెద్దామె, తర్వాత ఆ రోజు రాలేమన్న ఇద్దరు కూడా. కంపెనీ కాగితాలు చదువుకునేంత ఇంగ్లీషు చాలంటారు. ఎవరిని ముందు కూర్చోబెట్టాలో, ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో చూసే పెత్తనం అక్కది.

మొన్నటి ఆదివారం వాళ్లలో ఒకామె ఒక మాట అడిగింది. ఆమె పనిచేసే వేరే షెడ్డులో గుమస్తా ఒకడు, సెలవు అడిగినందుకు, "నీ సంగతి చూస్తా" అన్నాడట.

"దీన్ని ఇంగ్లీషులో ఎట్టా రాయాల మేడం?"

నేను ఆలోచనలో పడ్డాను. చూస్తా అనే మాటలో తిట్టు లేదు, దెబ్బ లేదు. తెలుగు తెలిసిన ఎవరికైనా వెన్ను జలదరిస్తుంది, ఇంగ్లీషులో పెడితే పలకరించినట్టు ఉంటుంది. బెదిరించాడు అని థ్రెట్ పెట్టవచ్చు. పెడితే, నేనేమన్నాను, చూస్తానన్నాను, అంతే కదా అంటాడు వాడు. అదే చెప్పాను.

అక్క ముడుచుకోని ఆ వేలితో చాప మీద గీతలు గీస్తూ వింటోంది. "ఆ మాట అనేటప్పుడు వాడేం చేసినాడు?" అని అడిగింది ఆమెను.

"తలుపు లోపలి గొళ్లెం పెట్టినాడు అక్కా. పెట్టి, దానికి ఆనుకుని నిలబడినాడు."

"అది చెప్పవేం మరి" అంది అక్క. నా వైపు తిరిగి, "మాట అన్నది అన్నట్టు తెలుగులోనే పెట్టు. కింద గొళ్లెం సంగతి రాయి" అంది.

పలక తీసుకున్నాను. గొళ్లెం అనే మాటకు బోల్ట్ అని రాసి చూపించాను. అందరూ నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నారు. పెద్దామె మాత్రం రాసుకోకుండా, ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుందా, వాడు జరగందే నువ్వు బయటికి రాలేవా అని ఆమెను అడుగుతోంది.